సముద్రంలో గాలిమరల చదువు: గోదావరి డెల్టా పిల్లలకు ఏ దారి మేలు?

“మావాడు సముద్రంలో గాలిమరల కోర్సు చేస్తానంటున్నాడండి. ముప్పై లక్షలవుతుందంట. పెట్టొచ్చంటారా?” కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు ఈ ప్రశ్న ఈమధ్య బాగా వినిపిస్తోంది. అడిగేవాళ్లలో కొబ్బరి రైతులున్నారు, రొయ్యల చెరువుల వాళ్లున్నారు, బోటు యజమానులున్నారు. పిల్లల్లోనూ ఐటీఐ చేసినవాళ్ల నుంచి పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్ల దాకా ఉన్నారు. అందరికీ ఒకే జవాబు చెబితే కొందరికైనా నష్టం జరుగుతుంది. అందుకే ఒక్కో దారినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు పేరులో ‘ఆఫ్‌షోర్ విండ్’ అని ఉందా లేదా అన్నది రెండో సంగతి. ఆ చదువుతో ఇవాళ కేజీ బేసిన్‌లోనో (కృష్ణా-గోదావరి చమురు, గ్యాస్ క్షేత్రాల్లో), కాకినాడ రేవులోనో, అనంతపురం గాలిమరల దగ్గరో పని దొరకాలి. అదే నైపుణ్యం రేపు సముద్రంలో మరలు లేచినప్పుడు కూడా అక్కరకు రావాలి. రెండూ కుదిరితేనే అప్పు చేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన దేశపు సముద్రంలో ఇప్పటికి ఒక్క గాలిమర కూడా కరెంటు ఇవ్వడం లేదు. సముద్ర పవన విద్యుత్ విధానం 2015లోనే వచ్చింది. 2030 నాటికి 30 గిగావాట్లు అని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో ఎనిమిదేసి జోన్లు గుర్తించారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రూ. 7,453 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. ఆ రెండు రాష్ట్రాల తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున కట్టడానికి సాయం, రెండు రేవుల్ని సిద్ధం చేయడానికి రూ. 600 కోట్లు అందులోవే. కానీ పిలిచిన టెండర్లు 2025లో రద్దయ్యాయి. ఇక మన తీరం ఆ మొదటి జోన్లలో లేనే లేదు. కాబట్టి “కాకినాడ నుంచే రెండేళ్లలో జాబ్” అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మి సంతకం పెట్టకండి.

అలాగని ఇది గాలిలో దీపం లాంటి వృత్తి కూడా కాదు. డెన్మార్క్‌లో విండెబీ దగ్గర 11 మరలతో ప్రపంచంలో మొదటి సముద్ర క్షేత్రం 1991లో మొదలైంది. ఒక్కో మర 450 కిలోవాట్లు. అది పాతికేళ్లు పనిచేసి 2017లో విప్పేశారు కూడా. అంటే కట్టడం, నడపడం, చివరికి తీసేయడం దాకా ఒక పూర్తి తరం అనుభవం అక్కడ ఉంది. మన డెల్టాకు ఉన్న బలం వేరు. రవ్వ చమురు క్షేత్రం, 2009లో గ్యాస్ మొదలైన కేజీ-డీ6, 2024 జనవరిలో తొలి చమురు తీసిన ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు, వీటన్నిటి వల్ల ఎస్.యానాం, గాడిమొగ, ఓడలరేవు పేర్లు ఆఫ్‌షోర్ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. సముద్రం అడుగున పైపు, కేబుల్ వేయడం, భారీ ఇనుప కట్టడాలు దింపడం, అలల మీద బోటు నుంచి ప్లాట్‌ఫాం ఎక్కడం, ఇవన్నీ మనవాళ్లు చేస్తున్న పనులే. తమిళనాడు కుర్రాళ్లకు మర తెలుసు, మన కుర్రాళ్లకు సముద్రం తెలుసు. పోటీలో అది తక్కువ సంగతేం కాదు.

ఇక్కడ ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. టెక్నీషియన్ సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. మాస్టర్స్ చేసినవాడు అప్పు తీర్చడానికి అయిదారేళ్లు. పరిశోధకుడి పని ఫలించడానికి పది, పదిహేనేళ్లు. దేశంలో మరలు ఎప్పుడు లేస్తాయో తెలియనప్పుడు, ఎవరు ఎంతకాలం ఆగగలరన్న దాన్నిబట్టే దారి మారుతుంది.

ఐటీఐ, డిప్లొమా పిల్లలకు

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ ట్రేడ్లు చేసినవాళ్లు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవాళ్లు ఎక్కువగా అడిగేది జీడబ్ల్యూఓ గురించి. గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ అంటే మరలు తయారుచేసే, నడిపే కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ. దాని బేసిక్ సేఫ్టీ ట్రైనింగ్‌లో ప్రథమ చికిత్స, బరువులు ఎత్తే పద్ధతి, అగ్నిప్రమాద జాగ్రత్త, ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ అని అయిదు భాగాలు. భూమ్మీద మరలకు మొదటి నాలుగూ చాలు, అయిదోది సముద్రం కోసం. వారం పది రోజుల్లో అంతా అయిపోతుంది.

ఆ అయిదో భాగంలో నేర్పేది పుస్తకంలో దొరకదు. బోటు మర కాలు దగ్గరికి వచ్చి, ముక్కుకున్న రబ్బరు దిమ్మను ఇనుప గొట్టాలకు ఆనించి, ఇంజను నెడుతూనే నిలబడుతుంది. ఎదురుగా నిట్టనిలువు నిచ్చెన. పైనుంచి వేలాడే లైను మీ ఒంటికి కట్టుకున్న హార్నెస్‌కు తగిలించుకోవాలి. డెక్ మీదున్న మనిషి సరే అన్నాకే అడుగు వేయాలి. ఆ క్షణంలో బోటు జారితే కాలు నలిగిపోతుంది. అందుకే అల ఎత్తు సుమారు మీటరున్నర దాటితే మామూలు క్రూ బోట్లతో మనిషిని ఎక్కనివ్వరు. మీ అబ్బాయికి ఎత్తంటే భయమా, సముద్రం మీద కడుపులో తిప్పుతుందా అన్నది ఫీజు కట్టకముందే తెలుసుకోవడం మంచిది. అంతర్వేది దగ్గరో, ఉప్పాడ దగ్గరో తెలిసినవాళ్ల బోటులో ఒక పూట తీసుకెళ్లండి చాలు.

కేజీ బేసిన్‌లో పనిచేసే చాలామందికి బోసియెట్ సర్టిఫికెట్ ఉంటుంది. హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ అందులో ఉంటుంది, నాలుగేళ్లు చెల్లుతుంది. మర్చంట్ నేవీ వాళ్ల ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక శిక్షణ అయిదేళ్లు చెల్లుతుంది. జీడబ్ల్యూఓ మాత్రం రెండేళ్లే. పైగా ఒకటి ఉంది కదా అని రెండోది మాఫీ కాదు. మూడూ నీళ్లలో ప్రాణరక్షణ, లైఫ్ రాఫ్ట్, మంటలు ఆర్పడం నేర్పినా కంపెనీలు మామూలుగా వేటికవే అడుగుతాయి.

అందుకే టెక్నీషియన్లకు నేనిచ్చే సలహా ఇది: ముందు పని, తర్వాత సర్టిఫికెట్. ఉద్యోగం ఖాయం కాకముందే జీడబ్ల్యూఓ తీసుకుంటే ఆ రెండేళ్ల గడువు ఇంట్లో కూర్చునే కరిగిపోతుంది. రాయలసీమలో గాలిమరల కంపెనీల దగ్గర ఓ రెండేళ్లు నాసెల్‌లో (మర తల భాగంలో) పనిచేసినవాడికి, లేదా కేజీ బేసిన్ కాంట్రాక్టర్ దగ్గర రిగ్గింగ్ (బరువులు కట్టి ఎత్తే పని), ఇన్‌స్ట్రుమెంటేషన్, హై వోల్టేజ్ కేబుల్ జాయింటింగ్ చేసినవాడికి సర్టిఫికెట్ ఖర్చు చాలాసార్లు కంపెనీయే పెట్టుకుంటుంది. పని రాని చేతికి మాత్రం ఆ కాగితం ఒక్కటీ అన్నం పెట్టదు.

ఈ రెండింటిలో ఏది? వయసు ఇరవై రెండు లోపల ఉండి, ఇల్లు వదిలి ఉండగలిగితే రాయలసీమ మరలే మేలంటాను. గేర్‌బాక్స్, రెక్కల కోణం తిప్పే పిచ్ సిస్టమ్, కన్వర్టర్ చేత్తో తాకి నేర్చుకోవడం అక్కడే కుదురుతుంది. ఇంటి బాధ్యతలు ఉండి డెల్టా వదల్లేనివాళ్లకు కేజీ బేసిన్ పని. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ (నివే) నడిపే శిక్షణలు కూడా ఉన్నాయి. వాటి ప్రకటనలు గమనిస్తూ ఉండండి. డిప్లొమా వాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే అవకాశాన్ని మాత్రం తొందరపడి వదులుకోకండి.

బీటెక్‌లో బ్రాంచి

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్, ఈ మూడింట్లో ఏదైనా సరే, కాకినాడ జేఎన్‌టీయూలో గానీ తాడేపల్లిగూడెం నిట్‌లో గానీ భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్‌లో గానీ గట్టిగా చదివితే సముద్ర గాలిమరల దారి మూసుకుపోదు. ‘రెన్యూవబుల్ ఎనర్జీ’ అని పేరు పెట్టిన బీటెక్ కంటే నాకు ఈ పాత బ్రాంచిల మీదే నమ్మకం ఎక్కువ. గాలి రంగం నెమ్మదించినా మరో చోట తలుపు తెరిచే ఉంటుంది.

సముద్రమే కావాలని గట్టిగా ఉన్న పిల్లలకు విశాఖపట్నంలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. అక్కడ నేవల్ ఆర్కిటెక్చర్, ఓషన్ ఇంజనీరింగ్‌లో బీటెక్ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. తేలే గాలిమర అంటే నిజానికి ఒక ఓడ లాంటిదే. దాని తూకం, ఊగడం, లంగరు గొలుసుల లెక్క వీళ్లకు మొదటి ఏడాది నుంచే అలవాటవుతుంది. విశాఖలోనే ఉన్న పెట్రోలియం అండ్ ఎనర్జీ సంస్థలో (ఐఐపీఈ) 2016 నుంచి చమురు, గ్యాస్ వైపు చదువులు నడుస్తున్నాయి. సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో. కేజీ బేసిన్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది సరిపోతుంది, గాలి కోసమే అయితే నేను మారిటైమ్ వైపే మొగ్గుతాను.

ఎంటెక్ ఇక్కడా, మాస్టర్స్ అక్కడా?

పొలం తాకట్టు దాకా వెళ్లేది ఈ ప్రశ్న దగ్గరే. కాబట్టి తీరిగ్గా చూద్దాం.

ఇక్కడ చదివే దారిలో ముందుండేది ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్ విభాగం. అలలు పుట్టించే బేసిన్లు, నమూనాలు లాగి పరీక్షించే సౌకర్యాలు అక్కడున్నాయి. అదే ఊళ్లో నివే ఉంది, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (నియాట్) కూడా ఉంది. ఒకే నగరంలో గాలి కొలిచేవాళ్లు, అల కొలిచేవాళ్లు, కట్టడం డిజైన్ చేసేవాళ్లు దొరకడం విద్యార్థికి పెద్ద లాభం. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ ఓషన్ ఇంజనీరింగ్, నేవల్ ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ‘నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజనీరింగ్’ అనే పేపరు 2022 నుంచి వచ్చింది. సివిల్, మెకానికల్ పేపర్లతో కూడా ఈ వైపు దారులున్నాయి. గేట్‌తో చేరితే నెలకు రూ. 12,400 స్టైపెండ్ వస్తుంది. అంటే చదువు పూర్తయ్యేసరికి నెత్తిన పెద్ద అప్పు ఉండదు. ఇది చిన్న విషయం అనుకోకండి. అప్పు లేని పిల్లాడు మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం కోసమే కాకుండా పని నేర్చుకోవడం కోసం కూడా ఎంచుకోగలడు.

ఇక్కడి లోటు కూడా చెప్పాలి. తిరుగుతున్న సముద్ర క్షేత్రం ఒక్కటీ లేదు కాబట్టి మీ ప్రాజెక్టు ఎక్కువగా నమూనాల మీద, కంప్యూటర్ లెక్కల మీదే ఉంటుంది. మర దగ్గరికి బోటులో వెళ్లి, తుప్పు పట్టిన బోల్టు చూసి వచ్చే అవకాశం ఇక్కడ లేదు.

ఆ అవకాశం యూరప్‌లో ఉంది. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ (డీటీయూ) పవన విద్యుత్తుకు పుట్టిల్లు లాంటిది. డీటీయూ, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, నార్వేలోని ఎన్‌టీఎన్‌యూ, జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ కలిసి నడిపే రెండేళ్ల యూరోపియన్ విండ్ ఎనర్జీ మాస్టర్స్‌లో ఒకటికి రెండు దేశాల్లో చదవొచ్చు. బ్రిటన్‌లో గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ లాంటి చోట్ల ఏడాది మాస్టర్స్ ఉన్నాయి.

వీటిని డబ్బు వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. బ్రిటన్ ఏడాదిలో అయిపోతుంది కాబట్టి చవక అనిపిస్తుంది. ఫీజు, ఉండే ఖర్చు కలిపితే ముప్పై లక్షలు దాటడం మామూలే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల వీసాను 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఏడాది చదువులో మొదటి సెమిస్టర్ అలవాటు పడటానికే సరిపోతుంది, ఇంటర్న్‌షిప్‌కు టైం ఉండదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు దాదాపు లేదు. కానీ వీసా కోసం ఏడాది ఖర్చును ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. జర్మన్ భాష కూడా నేర్చుకోవాలి, లేకపోతే చదువు అయినా ఉద్యోగం దగ్గర ఆగిపోతారు. “నార్వేలో ఫీజే లేదు” అని సీనియర్లు చెప్పే మాట ఇప్పుడు చెల్లదు. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులకు అక్కడా ఫీజు పెట్టారు. డెన్మార్క్‌లోనూ మనకు ఫీజు ఉంది.

నా వరుస ఇలా ఉంటుంది. గేట్ ర్యాంకు బాగా వస్తే ముందు ఐఐటీ మద్రాస్, ఆ తర్వాత పీహెచ్‌డీకో ఉద్యోగానికో యూరప్. స్కాలర్‌షిప్ దొరికితే కళ్లు మూసుకుని యూరప్ జాయింట్ మాస్టర్స్. స్కాలర్‌షిప్ లేకపోతే జర్మనీ, అదీ భాష బీ1 (మధ్య) స్థాయికి వచ్చాకే. సొంత డబ్బుతో బ్రిటన్ ఏడాది కోర్సు అన్నది, అప్పటికే రెండు మూడేళ్లు ఆఫ్‌షోర్‌లో పనిచేసి, ఆ అనుభవానికి ఒక డిగ్రీ ముద్ర కావాలనుకునేవాళ్లకు మాత్రమే. బీటెక్ అవ్వగానే కొబ్బరితోట తాకట్టు పెట్టి పంపడానికి నేను ఒప్పుకోను. ఆ తోట మీద ఆధారపడి ఇంట్లో ఇంకా నలుగురు ఉంటారు.

అమ్మాయిల తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఈ రంగంలో సగం పని మర మీద ఉండదు. గాలి, అలల డేటా, సముద్రపు అడుగు సర్వే, గ్రిడ్ లెక్కలు, కంట్రోల్ రూం, పర్యావరణ అనుమతులు, ఇవన్నీ ఒడ్డునుంచి చేసేవి. ఆంధ్ర యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. హైదరాబాద్ ఇన్‌కాయిస్ సముద్ర సమాచారం మీదే పనిచేస్తుంది. ఎమ్మెస్సీ దారిలో ఇవి మంచి మెట్లు. ఇక మర ఎక్కాలని అమ్మాయే కోరుకుంటే, అబ్బాయికి చెప్పిన సలహానే ఆమెకూ.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు

దేశంలో మర లేకపోవడం టెక్నీషియన్‌కు సమస్య, పరిశోధకుడికి కాదు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో విలియం హెరోనిమస్ అనే ప్రొఫెసర్, నౌకాదళంలో ఓడల డిజైన్ చూసి వచ్చిన మనిషి, 1970ల మొదట్లోనే సముద్రంలో తేలే మరల గురించి ప్రతిపాదించారు. అక్కడే మెయిన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ వాళ్లు ఎనిమిదో వంతు సైజు తేలే మరను 2013లో నీళ్లలో దింపి గ్రిడ్‌కు కలిపారు. స్కాట్లాండ్ దగ్గర అయిదు మరల హైవిండ్ క్షేత్రం 2017లో వచ్చింది. ఆలోచనకు, తొలి తేలే క్షేత్రానికి మధ్య నలభై ఏళ్లు దాటాయి. ఆ మధ్య కాలమంతా యూనివర్సిటీలే ఆ పనిని బతికించాయి.

మన డెల్టా పిల్లలకు పరిశోధనాంశం కోసం దూరం వెళ్లక్కర్లేదు. కాకినాడ మెరైన్ క్లే, అంటే తీరం వెంట ఉన్న మెత్తటి నల్ల బంకమన్ను మీద మట్టి ఇంజనీర్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. బోరు గొట్టం లోంచి తీసిన ఆ మన్నును వేలితో నొక్కితే వేలి గుర్తు అలాగే ఉండిపోతుంది. వంద మీటర్ల ఎత్తు టవర్‌ను గాలి నెడుతుంటే, కింద అల కొడుతుంటే, ఇరవై అయిదేళ్లపాటు కోట్ల సార్లు ఊగే స్తంభాన్ని ఇలాంటి మన్ను ఎలా పట్టి నిలపాలి? ఇది ఎవరో అరువిచ్చిన ప్రశ్న కాదు, మన కాళ్ల కింది ప్రశ్న.

రెండోది తుపాను. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో ఇక్కడ పెద్దవాళ్లందరికీ గుర్తే. అంతర్జాతీయ డిజైన్ ప్రమాణం ఐఈసీ 61400-1లో ఉష్ణమండల తుపానుల కోసం ‘టీ’ అనే తరగతిని చేర్చారు, సెకనుకు 57 మీటర్ల గాలి లెక్కతో. ఉత్తర యూరప్‌లో పుట్టిన డిజైన్లకు ఈ బాధ లేదు. బంగాళాఖాతానికి సరిపోయే మర గురించి పనిచేయాల్సింది ఈ ఒడ్డునున్నవాళ్లే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సొంతంగా కొలిచిన డేటా ఉందా అని అడగండి. నివే వాళ్లు 2017లో గుజరాత్ దగ్గరి ఖంభాత్ సింధుశాఖలో లైడార్ (లేజర్‌తో కొలిచే పరికరం) పెట్టి గాలి కొలిచారు. అలాంటి కొలతలు, బోరు మట్టి, అలల బేసిన్ పరీక్షలు ఏదో ఒకటి ఉన్న గ్రూపులో చేరండి. సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉన్న చోట థీసిస్ త్వరగా పూర్తవుతుంది, కానీ మట్టి ముట్టుకోని లెక్కను ఏ కంపెనీ నమ్మదు. పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఇప్పుడు నెలకు రూ. 37,000 కాబట్టి ఇంటికి భారం కాకుండా నడుస్తుంది.

వేట కుటుంబాల పిల్లలకు

ఈ చర్చలో అసలు పిలుపు అందనిది వీళ్లకే, సముద్రం అందరికంటే బాగా తెలిసింది కూడా వీళ్లకే. యూరప్‌లో సముద్ర క్షేత్రాలు కట్టేటప్పుడు కేబుల్ దగ్గరికి వేరే బోట్లు రాకుండా కాపలాకు వేట బోట్లనే అద్దెకు తీసుకుంటారు. క్రూ బోట్లు నడపడానికీ అలాంటి చేతులే కావాలి.

పదో తరగతి పాసైన కుర్రాళ్లకు విశాఖలోని సిఫ్‌నెట్‌లో (కేంద్ర మత్స్య శిక్షణ సంస్థలో) రెండేళ్ల వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులున్నాయి. నావిగేటర్ చేసి, బోటులో సముద్రం రోజులు పూర్తిచేసుకుంటే ఫిషింగ్ వెసల్ మేట్ పరీక్ష రాయొచ్చు. ఫిట్టర్ చేస్తే ఇంజను దగ్గర పని. ఇద్దరికీ తర్వాత ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ తీసుకుంటే సప్లై బోట్ల వైపు దారి ఉంటుంది, ఆ బోట్లు కాకినాడ నుంచే నడుస్తున్నాయి కూడా. ఈ రెండింట్లో నాకు ఫిట్టర్ వైపు కాస్త మొగ్గు ఎక్కువ. మెరైన్ డీజిల్ ఇంజను విప్పి బిగించడం వచ్చినవాడు వేట లేని రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉన్నప్పుడు కూడా రేవులో ఖాళీగా ఉండడు. స్టీరింగ్ పట్టాలన్న కోరిక బలంగా ఉంటే నావిగేటర్ సరే. కానీ దానికి రంగులు గుర్తుపట్టే కంటి పరీక్ష పాసవ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ దీపాల తేడా తెలియనివాడికి ఓడ ఇవ్వరు. దరఖాస్తు పెట్టకముందే కాకినాడలోనో రాజమండ్రిలోనో కంటి డాక్టరు దగ్గర ఆ ఒక్క పరీక్ష చేయించండి. తేడా ఉందని తేలితే ఫిట్టర్‌కైనా దరఖాస్తు పెట్టొచ్చా అని ముందే సిఫ్‌నెట్‌లో అడగండి, రెండేళ్లు వృథా కావు.